ఇత్తడి కొంగ బారు

పొద్దున్నే నడకకి బయలుదేరి మా బ్లాకు పక్కనున్న, రాత్రిళ్ళు బీరు కూడా అమ్మే కాఫీ షాపు దాటేటప్పుడు నా కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి. ముందురోజు బీరు ఒలికి ఎండిన నేల మీద పనామె బకెట్లతో నీళ్ళు గుమ్మరించి, గట్టి చీపురుతో కాలవవైపు తోస్తూ ఉంటుంది. పులిసిన బీరు, ఫినాయిలు ఘాటు, తడిసిన సిమెంటు, వాటి వెనకాల ఎక్కడో అప్పుడే కాగుతున్న కాఫీ, అన్నీ కలిసిపోయి ఒక్కసారిగా ముక్కుకి తగులుతాయి. బడి బస్సు దాకా నాతో వచ్చే మనవరాలు ముక్కు మూసుకుని, "అమ్మమ్మా, సో స్మెల్లీ లా! త్వరగా రా!" అని, ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర 'లా' తగిలించి, నా చెయ్యి గుంజుతుంది. రిటైరైన బడి టీచర్ని, ఉగాదికీ దీపావళికీ నలుగురూ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టే పెద్దావిడని, పులిసిన బీరు వాసనకి నాకు ఇల్లు గుర్తొస్తుందని ఆ పిల్లకి ఎలా చెప్పను? నా చిన్నతనం ఆ వాసనలో గడిచింది. మా అమ్మ చీర చెంగుకీ, నా పుస్తకాల సంచీకీ, నాన్న చొక్కాకీ అదే వాసన ఉండేది, ఏ సబ్బుకీ పోయేది కాదు.

అప్పట్లో మేముండే ఈ సెంబవాంగ్ అంటే ఇలా అంతస్తులమీద అంతస్తుల ఫ్లాట్లు కాదు, నేవల్ బేస్. బ్రిటిష్ వాళ్ళ యుద్ధనౌకలు వచ్చి ఆగే చోటు. మా నాన్న అప్పన్న పెళ్ళికి ముందే శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, ఆ బేసులో ఓడలకి రంగులు వేసే పనిలో కుదిరాడు. పనివాళ్ళకి లైన్లలో ఇళ్ళు ఇచ్చేవారు. ఒకే పొడవాటి కప్పు కింద వరసగా గదులు, ముందు వసారా, వెనక అందరికీ కలిపి కొళాయిలు. ఆ కొళాయిల దగ్గర పొద్దున్నే మలయాళమూ, తమిళమూ, మా అమ్మ మాట్లాడే తెలుగూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వినిపించేవి. బేసు గేటు దాటి రోడ్డు మలుపు తిరిగితే ఒక వరస దుకాణాలు: సూట్లు కుట్టే దర్జీ, ఉంగరాలూ గడియారాలూ అమ్మే సింధీ ఆయన, మంగలి, మిగిలినవన్నీ బార్లు. ఓడ వచ్చిందంటే ఆ రోడ్డంతా తెల్ల బట్టల సెయిలర్లతో వెల్ల వేసినట్టు ఉండేది. ఓడ వెళ్ళిపోతే కుక్కలు రోడ్డు మధ్యలో పడుకునేవి.

ఆ వరసలో చివరిది 'బ్రాస్ హెరన్'. దాన్ని నడిపేవాడు హ్యారీ అంకుల్. నేవీలో వంటవాడిగా పనిచేసి, కాలం తీరాక ఊరికి పోకుండా ఇక్కడే ఉండిపోయిన ఇంగ్లిష్ మనిషి. ఎర్రటి మెడ, పల్చటి జుట్టు, చేతి మీద పచ్చబొట్టుగా ఒక చేప, ఎప్పుడూ భుజాన ఒక గీతల తువ్వాలు. ఆ తువ్వాలుతో గ్లాసు తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ తుడిచి, ఈల వేస్తూ అరలో బోర్లించేవాడు. బారు ముందు వేలాడే బోర్డు రాసింది మా నాన్నే. ఓడలకి పూసే రంగులతో, ఒంటికాలి మీద నిలబడిన కొంగని పసుపు పచ్చగా, మెరిసేలా వేశాడు. హ్యారీ అంకుల్ నిచ్చెన కింద నిలబడి పైకి చూసి చూసి, "అప్పన్నా, ఇది ఎగిరిపోతుందేమో కట్టెయ్యి" అన్నాడట. మా ఇంట్లో దాన్ని బ్రాస్ హెరన్ అని ఎవరూ అనేవాళ్ళు కాదు. నాన్న పెట్టిన పేరే, ఇత్తడి కొంగ.

బోర్డుతో మొదలైన పరిచయం అక్కడితో ఆగలేదు. పగలంతా ఓడల మీద రంగు పూసి, సాయంత్రం స్నానం చేసి చొక్కా మార్చుకుని నాన్న బారుకి వెళ్ళేవాడు. పీపాలు దించడం, ఐసు కొట్టించడం, తగువు పడిన సెయిలర్లని భుజాల మీద చేతులు వేసి బయటికి నడిపించడం ఆయన పని. కొన్నాళ్ళకి అమ్మ కూడా వెనక వంటగదిలోకి వచ్చింది. ఇంగ్లిష్ వాళ్ళ పద్ధతిలో చేపని పిండిలో ముంచి వేయించడం హ్యారీ అంకుల్ ఆమెకి నేర్పాడు. అమ్మ ఆ పిండిలో ఎవరికీ చెప్పకుండా కాస్త వాము, కాస్త మిరియాల పొడి, చిటికెడు పసుపు కలిపేసింది. సెయిలర్లు మొదట అనుమానంగా చూసి, తర్వాత ఓడ దిగగానే సరాసరి ఇత్తడి కొంగకే రావడం మొదలెట్టారు. ఆ చేప కోసమే వచ్చేవాళ్ళు ఉండేవాళ్ళు. హ్యారీ అంకుల్ మాత్రం ఆ చేప ముట్టేవాడు కాదు. అమ్మ మాకోసం వండుకున్న చారూ, ఎండుచేపల వంకాయ కూరా, చింతపండు పులుసూ అడిగి వడ్డించుకుని, నాన్న నేర్పినట్టు చేత్తో కలుపుకుని తిని, "అన్నం బాగుంది" అనేవాడు. ఆయనకి వచ్చిన తెలుగు అంతే. ఎంత బాగున్నా, బాగులేకపోయినా అదే మాట. అమ్మ ముసిముసిగా నవ్వుకునేది. "హ్యారీ బాబుకి మన ఉప్పు పడిపోయింది" అనేది.

బడి అయిపోగానే నేను నేరుగా బారుకే వచ్చేదాన్ని. ఆ వేళకి కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా ఉండేవి, కిటికీ రెక్కల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా నేలమీద పడేది. సీసాల మూతలు నా ఆస్తి. వాటిని రాయితో చదును చేసి, మధ్యలో చిల్లులు పెట్టి దారం గుచ్చి గిర్రున తిప్పేవాళ్ళం. తొక్కుడు బిళ్ళకి అవే బిళ్ళలు. లైన్లలో పిల్లలకి ఎక్కడా దొరకని ఎర్ర మూతలు నా దగ్గర ఉండేవి గనక ఏ ఆటలోనైనా నన్ను ముందు కలుపుకునేవాళ్ళు. ఏడాది చివర్లో వానలు మొదలైతే రోజుల తరబడి ఆగేవి కావు, సముద్రం మీదుగా బూడిదరంగు తెర కదిలొచ్చి రేకుల మీద దబదబా కురిసేది, అప్పుడు బారులో దీపాలు పగలే వెలిగించేవారు. క్రిస్మస్‌కి హ్యారీ అంకుల్ ఎండుపళ్ళతో నల్లటి కేకులాంటిది ఉడికించి, దానిమీద బ్రాందీ పోసి అంటించేవాడు. నీలి మంట చుట్టూ పాకుతుంటే నేను అమ్మ వెనక దాక్కునేదాన్ని. డూరియన్ పళ్ళ కాలంలో ఆ వాసన బారులోకి రాకూడదని ఆయన తలుపులు మూయించేవాడు, నాన్న పెరట్లో కూర్చుని దొంగతనంగా తినేవాడు. ఉగాదికి వేపపువ్వు దొరక్క అమ్మ లేత వేపాకు నలిపి వేసేది; ఆ పచ్చడి గరిటెడు నోట్లో వేసుకుని హ్యారీ అంకుల్ కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే కూడా "అన్నం బాగుంది" అన్నాడు. మేమంతా పొట్ట పట్టుకుని నవ్వాం.

నా పేరు పైడమ్మ. అది ఆయన నోరు తిరగక 'ప్యాడీ' అయింది. ప్యాడీ అంటే ఐర్లండు మగవాళ్ళని పిలిచే పేరట. చారెడు కళ్ళకి కాటుక పెట్టుకుని, రెండు జడలు వేసుకున్న నల్లపిల్లని ఆయన ప్యాడీ అని కేకేస్తే సెయిలర్లు గ్లాసులు దించి వెనక్కి తిరిగి చూసి పగలబడేవాళ్ళు. నాకు ఇంగ్లిష్ నేర్పింది ఆయనే. బడిలో పాఠాలు చెప్పినట్టు కాదు, కథలతో. అన్నీ ఆయన ఊరి కథలే. ఇంగ్లండు దక్షిణాన పాత రేవు ఊరట, సందుకొక పబ్బు, మలుపుకొక పబ్బు. గ్లాసులు తుడుస్తూ ఒక్కోదాని చరిత్ర చెప్పేవాడు. అన్నిటికంటే పాతదాని దూలాలు విరిగిన ఓడల కలపతో వేసినవి, గాలి వీస్తే అవి ఇప్పటికీ సముద్రం మీద ఉన్నట్టే మూలుగుతాయి. ఇంకోదాని కింద సొరంగం, పన్ను కట్టని బ్రాందీ పీపాలు అందులోంచి దొర్లించుకొచ్చేవాళ్ళు. చదువురాని సెయిలర్లకి ఆనవాలు కోసం ప్రతి పబ్బుకీ ఒక బొమ్మ: సింహం, లంగరు, గంట, హంస. అందుకే నాన్నచేత కొంగ వేయించాడు. ఒకప్పుడు రాజుగారి నేవీకి మనుషులు చాలక, తాగేవాడి తగరపు బీరు మగ్గులో నాణెం జారవిడిచేవారట; అడుగున అది పెదవికి తగిలిందంటే జీతం పుచ్చుకున్నట్టే, ఈడ్చుకుపోయి ఓడెక్కించేవాళ్ళు. అందుకని తెలివైన పబ్బులవాళ్ళు అడుగు గాజుతో చేసిన మగ్గులు తెచ్చారు, తాగేముందు పైకెత్తి చూసుకోవడానికి. సముద్రంలో పోయినవాళ్ళ పెళ్ళాల కోసం కిటికీ పక్కన ఎవరూ కూర్చోని బల్ల వేసి ఉంచిన పబ్బు ఒకటి. యుద్ధంలో బాంబు పడి కప్పు ఎగిరిపోయినా, గొడుగులు పట్టుకుని బీరు పోసిన పబ్బు ఒకటి; అది ఆయన ముత్తాతల నుంచి వాళ్ళ కుటుంబానిదే.

నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. ఆ ఊరి సందులన్నీ నాకు కంఠతా వచ్చాయి. నాన్నకి అర్థమైనంత వరకూ విని, "ఇదంతా మా ఊరి కల్లుపాక లాటిదే కదేటి" అనేవాడు. హ్యారీ అంకుల్ ఒప్పుకునేవాడు కాదు. "పబ్బు అంటే దుకాణం కాదు అప్పన్నా, పబ్లిక్ హౌస్. పది మందికీ ఇల్లు. ఒకసారి ఒక మనిషికి తలుపు తీస్తే మళ్ళీ వాడి మొహాన మూయకూడదు. మా తాత నేర్పిన ధర్మం అది" అనేవాడు. ఆ మాట నాన్నకి బాగా పట్టింది. ఇంటికి వచ్చి అమ్మకి చెప్పి, "తెల్లోడైనా మనసు మన మడిసిదే" అన్నాడు.

నేను ప్రైమరీ బడి చివరి తరగతుల్లో ఉండగా బ్రిటిష్ వాళ్ళు బేసు వదిలేసి వెళ్ళిపోతున్నారన్న వార్త లైన్లలోకి వచ్చింది. కొళాయిల దగ్గర ఇంకో మాటే లేకుండా పోయింది. డాక్‌యార్డు కొత్త షిప్‌యార్డుగా మారుతుంది, పనివాళ్ళలో కొందరిని అందులోకి తీసుకుంటారు. ఇష్టంలేనివాళ్ళు ఇండియా వెళ్ళిపోవచ్చు. నాన్న మంచి పనివాడని పేరు, ఆయనకి కొత్త షిప్‌యార్డులో చోటు ఉందని మేస్త్రీ ముందే చెప్పాడు. అది విని హ్యారీ అంకుల్ ఒక ఆదివారం మధ్యాహ్నం మా గదికి వచ్చాడు. అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ, "నువ్వు అందులో చేరకు అప్పన్నా" అన్నాడు. నేవీ పోతే సరుకు ఓడలవాళ్ళు వస్తారు, బారుకి ఢోకా లేదు, తాను ఎక్కడికీ పోవడం లేదు, ఇకమీదట ఇత్తడి కొంగ ఇద్దరిదీ. మేడమీద గదులు రెండూ ఖాళీ చేయించి సున్నం వేయిస్తానని, లైన్లలో ఇల్లు వదిలి అక్కడికి వచ్చేయమని అన్నాడు. ఏ రోజు రావాలో కూడా ఆయనే చెప్పాడు. తలుపు తాళంచెవి ఒకటి తీసి నాన్న చేతిలో పెట్టి గుప్పిట మూశాడు.

అమ్మకి మనసొప్పలేదు. "కూలి పని కూలి పనే, ఒగ్గీకు. బారు పని సూసుకోడానికి సాయంత్రాలు నేవేటి?" అంది. నాన్న నవ్వి, "మన ఇంట అన్నం తిన్న మడిసే. ఈ మాట మీద నిలబడకపోతే ఇంక లోకంలో ఏ మాట మీద నిలబడతామే?" అన్నాడు. మర్నాడు మేస్త్రీతో కొత్త పని వద్దని చెప్పేశాడు. పని లేకపోతే లైన్లలో ఇల్లూ ఉండదు, ఇల్లు ఖాళీ చేస్తామనీ చెప్పేశాడు.

ఆయన రమ్మన్న రోజు పొద్దున వాన వెలిసి ఎండ తేటగా ఉంది. అద్దె లారీలో మా సామానంతా ఎక్కించారు: మంచం, ఇనప్పెట్టె, రుబ్బురోలు, దేవుడి పటాలు, అమ్మ ఊరగాయ జాడీలు. నేను జాడీలు దొర్లకుండా వాటి మధ్య కూర్చున్నాను, ఒళ్ళో మూతల డబ్బా. పక్క గదులవాళ్ళు వసారాల్లోకి వచ్చి చేతులూపారు. లారీ గేటు దాటి, మలుపు తిరిగి బారు ముందు ఆగింది. నాన్న దిగి, చొక్కా సర్దుకుని, తాళంచెవి తలుపుకి పెట్టాడు. అది తిరగలేదు. తీసి, చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. అప్పుడు నేను చూశాను, తలుపుకున్న తాళం కొత్తది, తళతళలాడుతూ ఉంది. నాన్న "హ్యారీ! హ్యారీ!" అని పిలిచాడు. మేడమీద కిటికీ తెరుచుకుని బనీను వేసుకున్న చైనీస్ ఆయన ఒకడు తొంగి చూశాడు. ఆ గదికి సున్నం వేసి ఉంది.

"హ్యారీ గో ఆల్రెడీ లా," అన్నాడాయన, సముద్రం వైపు చెయ్యి చూపించి. "నిన్న ఓడలో. బారు నేను కొన్నాను. మీరెవరు?"

నాన్న మెట్టు మీద నిలబడే ఉన్నాడు. లారీ డ్రైవరు ఎంతసేపని హారన్ కొట్టాడు. ఎదురుగా దర్జీ, మంగలి బయటికి వచ్చి చూస్తున్నారు. అమ్మ లారీ దిగి వెళ్ళి, నాన్న చేతిలో తాళంచెవి ఇంకా తలుపుకి ఆనించి ఉంటే, ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. నేను మాత్రం హ్యారీ అంకుల్ లోపలే ఉన్నాడనుకున్నాను. ఏదో ఆట అనుకున్నాను. కిటికీ సందులోంచి "అంకుల్, ఇట్స్ ప్యాడీ" అని పిలిచాను. లోపల కుర్చీలు బల్లల మీద ఎప్పట్లాగే తలకిందులుగా ఉన్నాయి.

లైన్లలోకి వెనక్కి పోయే దారి లేదు. ఆ రోజు మమ్మల్ని ఆదుకున్నది మక్ చిక్ ఫాతిమా. మక్ చిక్ అంటే మలయ్ భాషలో అత్తలాంటి పిలుపు. ఆవిడ బారు పక్కన కొబ్బరిపాల అన్నం పొట్లాలు అమ్మేది. సంగతి కనుక్కుని, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా లారీ ముందు నడిచి, సముద్రం ఒడ్డున తన కొయ్య ఇంటికి దారి చూపింది. ముందు "మకాన్, మకాన్", తినండి తినండి, అని అందరికీ అన్నం పెట్టింది. ఆ ఇంటి వసారాకి తడికలు కట్టి, రెండు వానాకాలాలు గడిపాం. కొత్త షిప్‌యార్డులో నాన్న చోటు అప్పటికే ఎవరికో వెళ్ళిపోయింది. పనిలేని పరాయి దేశస్థుణ్ణి ఉండనివ్వరన్న భయంతో, దొరికిన కాంట్రాక్టరు కింద ఓడల అడుగు తుప్పు గీకే పనిలో చేరాడు. ఓడ పక్కలకి తెల్లగా రంగు పూసిన మనిషి ఓడ పొట్ట కింద పడుకుని తుప్పు గీకాడు; కనురెప్పల్లో, దగ్గులో ఎర్రటి పొడి. అమ్మ షిప్‌యార్డు గేటు ముందు అన్నం, చేపలు అమ్మింది. మా ఇల్లు నిలబెట్టింది అదే.

నాన్న హ్యారీ అంకుల్ని ఒక్క మాటా అనలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మనవాళ్ళెవరైనా "తెల్లోణ్ణి నమ్మినావేటి అప్పన్నా" అని నవ్వితే తలదించుకునేవాడు. ఏదో అర్జంటు పని పడి ఉంటుంది, కబురు పంపుతాడు అనేవాడు. బ్రిటిష్ ఓడ ఏదైనా వచ్చిందని తెలిస్తే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని గేటు దాకా వెళ్ళి, దిగేవాళ్ళ మొహాలు చూసి తిరిగొచ్చేవాడు. నేను కూడా ఎదురుచూశాను. ఆయన నేర్పిన ఇంగ్లిష్‌తోనే బడిలో బహుమతులు తెచ్చుకున్నాను, ఆ ఇంగ్లిష్‌తోనే టీచర్నయ్యాను. తరగతిలో పిల్లలు నా ఉచ్చారణ మెచ్చుకుంటే, బోర్డు వైపు తిరిగిపోయేదాన్ని. నాన్న ఊపిరితిత్తులు పాడై, నాకు పెళ్ళయిన కొత్తలోనే పోయాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, ఇప్పటికి పదేళ్ళ పైమాటే, మా బ్లాకులో ఉండే జాస్మిన్ అనే అమ్మాయి ఒక సాయంత్రం తలుపు తట్టింది. ఆ అమ్మాయి టూరిస్టులకి గైడు. పాత నేవల్ బేసులో పనిచేసిన ఇంగ్లిష్ ముసలివాళ్ళు బస్సులో వస్తున్నారట, సముద్రం ఒడ్డున కొత్తగా తెరిచిన పబ్బు లాంటి రెస్టారెంటులో వాళ్ళకి టీ, పాతకాలంనాటి స్థానికులు కూడా ఉంటే బాగుంటుంది, "ఆంటీ, రండి లా, మీ అమ్మగారిని కూడా తీసుకురండి" అంది. అమ్మకి అప్పటికి మోకాళ్ళు పట్టేశాయి, అయినా షికారు అనగానే జరీ చీర కట్టుకుని తయారైంది.

మేము వెళ్ళేసరికి లోపల ఎవరో మైకులో మాట్లాడుతున్నారు. నేను మనిషిని చూడకముందే గొంతు విన్నాను.  తెల్లజుట్టు, చేతికర్ర, కుంచించుకుపోయిన భుజాలు. కానీ చేతి మీద ఆ చేప అలాగే ఉంది. తన బారు గురించి చెబుతున్నాడు. పిండిలో వాము కలపడం తాను కనిపెట్టిన కిటుకని చెప్పాడు, అందరూ నవ్వారు. కొంగ బొమ్మ తానే వేశానన్నాడు. చివర్లో గొంతు తగ్గించి, "వెళ్ళేటప్పుడు అమ్మడానికి మనసు రాలేదు. నా దగ్గర నమ్మకంగా పనిచేసిన ఇండియన్ ఒకడుండేవాడు, అపన్. ఆ బారు వాడికే ఇచ్చేసి వచ్చాను. తాళంచెవి వాడి చేతిలో పెడితే ఏడ్చేశాడు పాపం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కన ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

అమ్మకి ఇంగ్లిష్ రాదు. కానీ ఆ పేరు విన్నది. "ఏటంటన్నాడే?" అంది. నేను చెప్పాను, ఉన్నదున్నట్టు. అమ్మ నా భుజం ఊతంగా లేచి, బల్లల మధ్యనుంచి నెమ్మదిగా నడిచి ఆయన ఎదురుగా నిలబడింది. ఆయన తలెత్తి చూశాడు. ముందు ఆమెనీ, తర్వాత నన్నూ. మొహంలో రంగు పోయింది. ఎక్కడో అడుగున ఉండిపోయిన మాట బయటికి వచ్చింది. "అన్నం... అన్నం బాగుంది."

అమ్మ నావైపు తిరిగింది. "అడుగు పైడీ," అంది. "తాళం ఎందుకు మార్చినాడో అడుగు. మీ నాన్న బతికినన్నాళ్ళూ అదే ఆలోసన."

అడిగాను. ఆయన చుట్టూ చూశాడు. తర్వాత నా కళ్ళలోకి కాకుండా బల్ల వైపు చూస్తూ, కొన్నవాడికి బారు ఖాళీగా అప్పగించాలని మేం వచ్చే రోజుకి ముందే మాటయిపోయిందనీ, అది నాన్నతో చెప్పలేకపోయాననీ అన్నాడు. మిగతావాళ్ళలాగా అప్పన్న కూడా ఇండియా వెళ్ళిపోతాడులే అనుకున్నాడట. "చెబితే వాడి మొహం చూడాల్సి వచ్చేది ప్యాడీ. అది నావల్ల కాలేదు."

అమ్మకి చెప్పాను. అమ్మ ఇంకొక్కటే అడగమంది. "మేం ఆ పొద్దు లారీలో సామానేసుకుని వస్తన్నామని ఈడికి ఎరికేనా?"

"తెలుసు," అన్నాడు. 

ఎవరో వెనకనుంచి, పెద్దాయనకి ఆరోగ్యం బాగాలేదు, వదిలేయండి అన్నారు. ఇంకెవరో అంత పాత సంగతి ఇప్పుడెందుకన్నారు. జాస్మిన్ పరుగున వచ్చి, "ఆంటీ, అంకుల్, ఒక ఫొటో తీసుకుందాం, ఓకే?" అని అందరినీ నవ్వించబోయింది. అమ్మ అప్పటికే గుమ్మం వైపు తిరిగింది.

బస్సులో ఇంటికి వచ్చేటప్పుడు అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మా స్టాపు దగ్గరపడుతుండగా, "మీ నాన్న ఉండుంటే ఆణ్ణి ఇంటికి తీసుకొచ్చి అన్నం ఎట్టీవోడు" అంది. చీర చెంగు భుజం చుట్టూ లాక్కుంది. "నానెట్టను."

మరుసటి ఏడాది అమ్మ పోయింది. హ్యారీ ఎప్పుడు పోయాడో నాకు తెలీదు, తెలుసుకోవాలని అనిపించలేదు. ఎప్పుడైనా ఆయన చెప్పిన ఆ రేవు ఊరు చూడాలన్న కోరిక చిన్నప్పటినుంచీ మనసులో ఉండేది. మా అమ్మాయి టిక్కెట్లు కొంటానని రెండు మూడుసార్లు అంది కూడా. వద్దన్నాను. ఓడ దూలాల పబ్బు, ఖాళీ బల్ల పబ్బు, కప్పులేని పబ్బు, వీటిలో ఏది నిజమో ఏది ఆయన కల్పించిందో నాకు తెలీదు. అన్నీ నిజమే అయినా, నా దృష్టిలో ఆ ఊరే కూలిపోయింది. ఇక్కడా ఏమీ మిగల్లేదు. బార్ల వరస కొట్టేసి రోడ్డు వెడల్పు చేశారు, లైన్లున్న చోట ఫ్లాట్లు లేచాయి, మక్ చిక్ ఇల్లున్న ఒడ్డున రాళ్ళు పేర్చి గట్టు కట్టారు. మూతలతో ఆడుకునే పిల్లలు ఎక్కడా కనిపించరు. మా లైన్లలో వినిపించిన తెలుగు ఎలా ఉండేదో చెప్పడానికి నేను కాక ఇంకెవరూ లేరు.

సముద్రం ఒడ్డున ఆ రెస్టారెంటు మాత్రం బాగా నడుస్తోంది. సెంబవాంగ్ పాత పబ్బుల చరిత్ర అని ఒక గోడంతా బొమ్మలూ రాతలూ అంటించారు. అందులో ఇత్తడి కొంగ బారు కథ కూడా ఉంది, హ్యారీ ఆ రోజు మైకులో చెప్పినట్టే: నమ్మకస్తుడైన పనివాడు అపన్‌కి బారుని కానుకగా ఇచ్చి వెళ్ళాడని. నేను వెళ్ళి మేనేజరమ్మాయితో ఇది అబద్ధమని, ఆయన పేరు అపన్ కాదు అప్పన్న అని, ఆయన మా నాన్న అని, జరిగిందంతా చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగా విని, తప్పకుండా సరిచేస్తామంది. పోయిన నెల వెళ్ళి చూశాను. సరిచేశారు. పేరు తీసేశారు. ఇప్పుడక్కడ 'ఒక పనివాడికి' అని ఉంది. మిగతాదంతా అలాగే ఉంది.